బేకన్‌లో చెట్టు వంతు

బేకన్ వాసన ఎక్కడిదని అడిగితే పంది మాంసానిదేనని ఎవరైనా చెబుతారు. 2004లో వెలువడిన ఒక పరిశోధన చూశాక ఆ జవాబు అంత తేలిగ్గా చెప్పలేం. పరిశోధకులు బేకన్‌నూ, ఉప్పూ పొగా తగలని మామూలు పంది నడుము మాంసాన్నీ విడివిడిగా వేయించారు. పైకి లేచిన ఆవిర్లను పట్టి వాటిలో ఏమేమి ఉన్నాయో విడదీసి చూశారు. కొవ్వు వేడికి విరిగితే పుట్టే ఆల్డిహైడ్లు రెండింటిలోనూ ఉన్నాయి. పిరజిన్లు, పిరిడిన్ల వంటి నత్రజని సమ్మేళనాలు మాత్రం బేకన్ వైపే మొగ్గాయి. పిరజిన్లు మనకు తెలియనివేమీ కావు. మూకుట్లో పల్లీలు వేగి, పొట్టు మచ్చలు పడే వేళకు వంటిల్లంతా కమ్ముకునే వాసనలో పెద్ద వాటా వాటిదే. జంతువు ఒకటే అయినా వాసన మారిందంటే, కోసిన తర్వాత ఆ మాంసానికి జరిగినదేదో కారణమై ఉండాలి.

జరిగేది ఇదీ. అమెరికాలో బేకన్ అంటే పంది పొట్ట భాగపు మాంసం. ఎర్రటి కండా తెల్లటి కొవ్వూ చారలు చారలుగా ఉంటుంది. దానికి ఉప్పు, పంచదార, సోడియం నైట్రైట్ పట్టించి కొన్ని రోజులు ఊరనిస్తారు. నైట్రైట్ నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ కండలోని మయోగ్లోబిన్‌ను అంటిపెట్టుకోవడం వల్లే వండినా ఆ గులాబీ రంగు పోదు. తర్వాత హికరీ, ఓక్, ఆపిల్ వంటి కట్టెల పొగలో వేలాడదీస్తారు. ఈ లెక్క వేసి చూడండి: కండా కొవ్వూ పందివి. తీపి చెరకుదో మేపుల్ చెట్టుదో. ఉప్పు సముద్రానిది. పొగ పూర్తిగా చెట్టుది. అందుకే మొక్కల సరుకుతో కోడి తొడను అనుకరించబోయేవాడి కంటే బేకన్‌ను అనుకరించేవాడి పని చాలా సులువని నా నమ్మకం. సగం పని చెట్టు ఎప్పుడో చేసిపెట్టింది.

ఈ అనుకరణ కొత్తదేమీ కాదు. అమెరికాలో జనరల్ మిల్స్ కంపెనీ సోయాతో చేసిన 'బాకోస్' పలుకుల్ని 1960లలోనే అమ్మింది. పంది ముట్టని మతాలవాళ్లు, శాకాహారులు మొదటి నుంచీ ఉన్న గిరాకీ. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఇలా ఉప్పూ పొగా పట్టించి నిలవచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఆ ప్రకటన తర్వాత మాంసం తినేవాళ్లు కూడా ఇటు చూడటం మొదలైంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే మన పిల్లలు బర్గర్ మధ్యలో కరకరలాడే ఆ ముక్క కావాలని ఇంట్లో మారాం చేయడం ఇంకో కారణం.

ఇక పొగ సంగతి. కట్టెలో ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి: సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ పోగుల్ని గారలా పట్టి ఉంచేది లిగ్నిన్. కట్టెకు గట్టిదనం దానివల్లే. కట్టె నిదానంగా కాలుతున్నప్పుడు మొదట విరిగేది హెమీసెల్యులోజ్. 200 డిగ్రీల సెల్సియస్ దాటగానే అది ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పొగలో ముక్కుపుటాల్ని కొరికే పులుపు అదే. తర్వాత సెల్యులోజ్ విరిగి ఫ్యూరాన్లు, కార్బొనిల్ పదార్థాలు పుడతాయి. పొగ పట్టిన వస్తువుకు బంగారు గోధుమ వన్నె తెచ్చేవీ, కాస్త కాలిన చక్కెర వాసననిచ్చేవీ ఇవే. 300 దాటాక లిగ్నిన్ జోరుగా విరుగుతుంది. దాని నుంచి గ్వాయకాల్, సిరింగాల్ అనే ఫినాల్ జాతి పదార్థాలు వస్తాయి. మనం 'పొగ వాసన' అని గుర్తుపట్టేది ముఖ్యంగా ఈ రెంటినే. గ్వాయకాల్ నాలుక మీద పొగ రుచినిస్తుంది, సిరింగాల్ ముక్కుకు పొగ వాసననిస్తుంది. పైన్, దేవదారు లాంటి మెత్తకట్టెల లిగ్నిన్‌లో సిరింగాల్‌నిచ్చే భాగం దాదాపు ఉండదు. ఓక్, హికరీ, మామిడి లాంటి వెడల్పాకు చెట్లలో రెండూ ఉంటాయి. మాంసానికి పొగ పట్టేవాళ్లు పైన్ జోలికి పోకపోవడానికి జిగురు మసి ఒక కారణమైతే ఇది మరొకటి.

తెలుగువాళ్లకు ఈ రుచి పరాయిదనుకుంటే పొరపాటు. దాలిలో పిడకల మీద రోజంతా కాగి, ఎర్రబడి, మందంగా మీగడ కట్టిన పాలు తాగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాలలోని పొగ రుచి ఎక్కడిది? ఆవు కడుపులోని సూక్ష్మజీవులు గడ్డిలోని సెల్యులోజ్‌ను అరిగించగలవు గానీ గాలి లేని ఆ చోట లిగ్నిన్‌ను ఏమీ చేయలేవు. అది పేడలోనే మిగిలిపోతుంది. పిడక కాలితే అదే లిగ్నిన్ విరుగుతుంది. గుంటూరు పల్లెలో దాలి పాలకూ, టెనసీలో పొగ పట్టే కొట్టంలో వేలాడే పంది పొట్టకూ మధ్య ఉన్న చుట్టరికం ఇదన్నమాట. పాలు ఎర్రబడటం కూడా అదే బాపతు. చక్కెరలూ మాంసకృత్తులూ వేడిమీద కలిసి జరిపే ఆ చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించాడు. బేకన్‌లోని పిరజిన్లు పుట్టేదీ ఆ దారిలోనే.

గ్వాయకాల్ బంధువులు మన పోపులడబ్బాలోనూ ఉన్నారు. లవంగం వాసనకు మూలమైన యూజెనాల్ గ్వాయకాల్‌కు చిన్న తోక తగిలించిన అణువు. వెనిలిన్ కూడా ఆ కుటుంబమే. కారు చవకగా దొరికే వెనిల్లా ఎసెన్స్‌లోని వెనిలిన్‌ను చాలామటుకు గ్వాయకాల్ నుంచే తయారుచేస్తారు. అందుకే పొగ పట్టిన పదార్థంలో చిటికెడులో సగం లవంగాల పొడి వేస్తే, లవంగం వేశారని ఎవరికీ తెలియదు, పొగ మాత్రం చిక్కబడినట్టు తోస్తుంది. చిటికెడు దాటితే బిర్యానీ అయి కూర్చుంటుంది. సహజంగా పులియబెట్టిన సోయా సాస్‌లోనూ ఈస్ట్ తయారుచేసిన 4-ఇథైల్ గ్వాయకాల్ ఉంటుంది. ఆమ్లంతో గంటల్లో విరగ్గొట్టి చేసే చవక సాస్‌లో అది ఆశించలేం. సీసా మీద పులియబెట్టినదని రాసి ఉందో లేదో చూసి కొనమనేది అందుకే.

ఇంట్లో పొగ ఎలా అనేదే అసలు చిక్కు. హైదరాబాదీ వంటలు తెలిసినవాళ్లకు వెంటనే తట్టేది నిప్పు కణిక ఉపాయం. గిన్నె మధ్యలో ఉల్లిపాయ డొప్ప పెట్టి, అందులో ఎర్రటి బొగ్గు వేసి, మీద చెంచాడు నెయ్యి పోసి మూత బిగిస్తారు. దమ్ కా ముర్గ్‌కు అది బ్రహ్మాండం. బేకన్‌కు మాత్రం పనికిరాదు, కారణం రసాయనమే. బొగ్గంటే అప్పటికే ఒకసారి కాలి, లిగ్నిన్ ఇవ్వగలిగిన సువాసనలన్నీ భట్టీలోనే వదిలేసుకున్న కట్టె. మిగిలింది దాదాపు కర్బనం. అక్కడ లేచే పొగ బొగ్గుది కాదు, మాడుతున్న నెయ్యిది. దాంతో వచ్చేది కబాబ్ వాసన. నెయ్యీ కొవ్వూ నిప్పు మీద పడి మాడినప్పుడే బెంజోపైరీన్ లాంటి హానికర పదార్థాలు ఎక్కువగా పుడతాయన్నది ఇంకో సంగతి.

కావలసింది కాలని కట్టె. వడ్రంగి మామిడి చెక్కను చిత్రిక పట్టినప్పుడు రాలే పేళ్లు గుప్పెడు చాలు. రంగు, వార్నిష్, జిగురు తగిలిన చెక్కా ప్లైవుడ్డూ దగ్గరికి రానివ్వకూడదు. పాత ఇనప మూకుడు అడుగున ఆ పేళ్లు పరిచి, మీద చిల్లుల పళ్లెం పెట్టి, దాని మీద ఎండు మిరపకాయలు పరిచి, మూత పెట్టి సన్నసెగ మీద ఉంచితే పావుగంటలో మిరపకాయలు పొగ పీల్చుకుంటాయి. మంట లేవకూడదు, కట్టె కేవలం కనలాలి. కిటికీలు తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి మరీ చేయాలి, ఎందుకంటే ఊపిరాడని మంటలో కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. మిరపకాయల్లో వరంగల్ చపాటా అయితే శ్రేష్ఠం. రంగు దండిగా, కారం తక్కువగా ఉంటుంది. స్పెయిన్‌లో లా వేరా ప్రాంతపు రైతులు ఎర్ర మిరపను ఓక్ కట్టెల పొగ మీద సుమారు రెండు వారాలు ఆరబెట్టి చేసే పొడికి ఇది మన ఇంటి నకలు. మిరపలోని ఎరుపు నూనెలో కరుగుతుంది, వేడికి బాగా ఓర్చుకుంటుంది. బీట్‌రూట్ ఎరుపు నీళ్లలో కరుగుతుంది, వేడికి గోధుమ రంగుకు దిగుతుంది. పచ్చి మాంసంలా ఎర్రగా మొదలై వేగాక గోధుమ రంగుకు మారాలనుకునేవాళ్లు బీట్‌రూట్ రసం నాలుగు చుక్కలు కలుపుకుంటారు. నా మటుకు అది నాటకమే. తినేటప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

పెద్ద యాలకులు ఇంకో దారి. సిక్కిం, నేపాల్ కొండల్లో వాటిని కట్టెల భట్టీల మీదే ఆరబెడతారు గనక పొగ వాటిలో సహజంగానే ఉంటుంది. అయితే కర్పూరం చలవ కూడా వెంట వస్తుంది, అదే ఇబ్బంది.

అమెరికాలోనైతే ఇంత శ్రమ లేదు, ద్రవరూప పొగ సీసాల్లో దొరుకుతుంది. కాన్సస్ సిటీకి చెందిన ఎర్నెస్ట్ రైట్ అనే మందుల వ్యాపారి 1895లో దాన్ని అమ్మడం మొదలుపెట్టాడు. కట్టె పొగను చల్లబరిస్తే నీటిబొట్లుగా దిగుతుంది. తారు అడుగుకు చేరుతుంది, దాన్ని వడగట్టేస్తారు. బెంజోపైరీన్ లాంటివి నీళ్లలో దాదాపు కరగవు కాబట్టి చాలావరకు తారుతోపాటే పోతాయి. ఆ లెక్కన నేరుగా పొగపట్టడం కంటే ఇది మెరుగని చాలాకాలం చెప్పుకున్నారు. ఐరోపా నియంత్రణ సంస్థలు అంతటితో తృప్తిపడలేదు. తయారీదారులు అనుమతి పొడిగించమని కోరిన 8 పొగ సువాసనలు జన్యుపదార్థానికి హాని చేయవచ్చన్న అనుమానం తీరలేదని, 2024లో ఐరోపా సమాఖ్య వాటికి అనుమతి నిరాకరించింది. చిప్స్, సూప్‌లకు 2 ఏళ్లు, హామ్, చేపలు, చీజ్‌లకు 5 ఏళ్లు గడువిచ్చింది. నెలకోసారి అర చెంచా వాడే ఇంటికి ఇది గాబరాపడేంత విషయమని నేననుకోను. అలాగని మొక్కల సరుకుతో చేశాం గనక పొగ కూడా పవిత్రమైపోతుందనీ అనుకోను.

ఇక పొగ పట్టించడానికి ముక్క ఏది? మార్కెట్లో సోయా, గోధుమ గ్లూటెన్, టెంపే పట్టీలు బోలెడు ఉన్నాయి. ఇంట్లో చేసుకోవడానికి నా ఓటు పచ్చికొబ్బరికి. ముదురు పచ్చికొబ్బరిలో మూడో వంతు కొవ్వే. కొవ్వు లేని పదార్థానికి నూనె పూసి ఏమార్చడం కన్నా కొవ్వున్నదాన్నే తీసుకోవడం తెలివి. గ్వాయకాల్ లాంటి పొగ సువాసనలు కొవ్వులో బాగా నిలుస్తాయి కూడా.

కొబ్బరి చిప్పను కాసేపు ఫ్రీజర్‌లో పెడితే గుజ్జు సులువుగా ఊడి వస్తుంది. కూరగాయల తొక్క తీసే పీలర్‌తో పొడవాటి పలకలుగా చెక్కుకోవాలి. తురుము వద్దు, మాడిపోతుంది. రెండు కప్పుల పలకలకు రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక చిన్న చెంచా బెల్లం పాకం, ఒక చెంచా పొగపట్టిన మిరపపొడి, పావు చెంచా వెల్లుల్లి పొడి, లవంగం అణుమాత్రం. ఉప్పు మళ్లీ వేయకూడదు. పంచదారకు బదులు బెల్లం ఎందుకంటే, మయ్యార్ చర్యకు సుక్రోజ్ నేరుగా పనికిరాదు, ముందు విరగాలి. బెల్లంలో కొంత గ్లూకోజూ ఫ్రక్టోజూ అప్పటికే విడిగా ఉంటాయి, త్వరగా రంగు తిరుగుతుంది. సోయా సాస్ ఉప్పుతోపాటు గ్లుటమేట్‌ను తెస్తుంది. మాంసానికుండే ఆ నిండైన రుచిని జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు పాచి నుంచి వేరుచేసింది ఈ గ్లుటమేట్ రూపంలోనే. ఎండబెట్టిన షిటాకె పుట్టగొడుగుల్లో గ్వానిలేట్ ఉంటుంది. అది గ్లుటమేట్‌తో కలిస్తే రెంటి మొత్తం కంటే రుచి చాలా ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఆ పొడి పావు చెంచా ఉంటే వేయండి, లేకపోతే బెంగలేదు. వెల్లుల్లి గంధకానికి. వండిన మాంసపు వాసనలో గంధకం ఉన్న అణువులదే పైచేయి, కొబ్బరిలో అవి లేవు.

పావుగంట ఊరాక పళ్లెంలో ఒక్క వరసగా పరిచి, 150 డిగ్రీల ఒవెన్‌లో పెట్టాలి. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ముక్కల మీద నీళ్లున్నంతసేపు వాటి ఉపరితలం 100 డిగ్రీలు దాటలేదు, ఆ లోపు రంగు తిరగడం బహు నిదానం. అప్పుడు వచ్చేది ఉడికిన కొబ్బరి వాసన. తర్వాత పలకల అంచులు గాజులా పారదర్శకమవుతాయి, పాకం పెద్ద బుడగలు మాని సన్న బుడగలు వేస్తుంది. నీరు అయిపోయిందని గుర్తు. అక్కడి నుంచి అయిదారు నిమిషాల్లో కథంతా నడుస్తుంది. సోయా వాసన, ఆ వెంట వేయించిన పల్లీల వాసన, ఇంకాస్త ఆగితే మాడిన బెల్లం. పల్లీల దగ్గరే దించాలి. మధ్యలో రెండుసార్లు కలపాలి, అంచుల్లో ఉన్నవి ముందు మాడతాయి. ఒవెన్ లేకపోతే మందపాటి మూకుట్లో సన్నసెగ మీద, గరిటె వదలకుండా.

దించినప్పుడు ముక్కలు మెత్తగా వంగుతుంటే కంగారుపడి మళ్లీ పొయ్యి ఎక్కించవద్దు. ఎండిన చక్కెర పాకం వేడిమీద మెత్తగా ఉండి, చల్లారాక గాజులా బిగుసుకుంటుంది. కరకర అనేది ఆ గాజు పగిలే చప్పుడు. వేడికి గ్వాయకాల్‌లో కొంత ఆవిరితోపాటు ఎగిరిపోయి ఉంటుంది గనక, మిరపపొడిలో సగం దాచి ఉంచుకుని దించాక చల్లితే పొగ నిలబడుతుంది.

కరకర మాత్రమే కావాలనుకునేవాళ్లు బియ్యపు కాగితం వాడతారు. వియత్నాంలో బియ్యప్పిండికి కర్రపెండలం పిండి కలిపి చేసే పలుచటి రేకులవి. రెండు రేకుల్ని నీళ్లలో ముంచి ఒకదానికొకటి అతికించి, పట్టీలుగా కోసి, పైన చెప్పిన సోయా మిశ్రమంలో కాస్త నూనె కలిపి కుంచెతో పూస్తారు. 200 డిగ్రీల దగ్గర ఏడెనిమిది నిమిషాల్లో అవి వంకరలు తిరిగి అచ్చం బేకన్‌లా కనిపిస్తాయి. ఫొటోకు దీన్ని మించింది లేదు. నోట్లో మాత్రం మొదటి కరకర తర్వాత మిగిలేదేమీ ఉండదు. ఆత్రేయపురం పూతరేకులతో చేయొచ్చుగా అన్న ఆలోచన మనవాళ్లకు రాకమానదు. కుదరదు. బోర్లించిన కుండ మీద పూసిన పూతరేకు మరీ పలుచన, పట్టి ఉంచే పెండలం పిండి కూడా లేదు. కుంచె తడి తగిలితే చాలు, కరిగి వేలికి అంటుకుంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ రేకును నెయ్యికీ బెల్లానికే వదిలేద్దాం.

నమిలే గుణం కావాలంటే పుట్టగొడుగు. పొడవైన కాడ ఉండే కింగ్ ఆయిస్టర్ రకాన్ని నిలువునా కోసి బరువు కింద నొక్కి నీరు పిండి వేయించాలి. దాని కణాల గోడల్లో కైటిన్ ఉంటుంది, అందువల్ల ఎంత వేయించినా కూరగాయలా గుజ్జైపోదు.

ఏదెలా చేసినా కొవ్వు దగ్గర తేడా ఉండిపోతుంది. పంది కొవ్వు సుమారు 30 నుంచి 45 డిగ్రీల మధ్య నిదానంగా కరుగుతూ నాలుక మీద పరుచుకుంటుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే ద్రవమైపోతుంది. విజయవాడ ఎండాకాలంలో అది గట్టిపడే ప్రసక్తే లేదు. పోషణలోనూ ఇది మాంసానికి బదులు కాదు: పచ్చికొబ్బరి 100 గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములే, ఉన్న కొవ్వులో దాదాపు 90 శాతం సంతృప్తమైనదే. రెండు పెద్ద చెంచాల సోయా సాస్‌లో సుమారు 1,800 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2,000. కాబట్టి ఆ రెండు కప్పులూ ఇంటిల్లిపాదికి, అదీ పలుకులుగా చల్లుకోవడానికి.

ఉప్పూ బెల్లమూ గాలిలోని తేమను లాగుతాయి. కాకినాడ, విశాఖ గాలికి సీసా మూత తీసి ఉంచితే పూట తిరిగేసరికి ముక్కలు మెత్తబడతాయి. 120 డిగ్రీల దగ్గర అయిదు నిమిషాలు పెడితే మళ్లీ బిగుస్తాయి, పొగ మాత్రం ఇంకొంచెం పోతుంది. టమాటా సాండ్‌విచ్‌లో, బంగాళదుంప సూప్ మీద బాగుంటుంది. ముద్దపప్పూ నెయ్యీ కలిపిన అన్నం మీద ఇంకా బాగుంటుంది. సాంబారులో వేయకండి. అక్కడున్న ఇంగువ, ధనియాల ముందు ఈ పొగ ఊసే వినిపించదు.